యాభై దాటాక చదరంగం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచే వచ్చాయి. రాసినవాళ్లంతా యాభై దాటినవాళ్లే. అందుకే ఈ సంచికలో చోటంతా వాళ్లకే ఇస్తున్నాం. జవాబులు చదివేటప్పుడు ముందు బోర్డు పెట్టుకోండి. కళ్లతో చదివిన ఎత్తు నిలవదు, చేత్తో వేసి చూసిన ఎత్తు నిలుస్తుంది. గడుల పేర్లు మామూలు పద్ధతిలోనే రాశాం. తెల్లపావుల వాళ్లకు ఎడమ నుంచి కుడికి నిలువు వరుసలు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్. అడ్డవరుసలు వాళ్ల వైపు నుంచి 1 మొదలు 8 దాకా. తెల్లరాజు మొదట ఉండేది ఇ1లో. మూలన ఉండేది ఏనుగు, దాని పక్కన గుర్రం, ఆ పక్కన శకటు. శకటును ఒంటె అనే అలవాటున్నవాళ్లు అలాగే చదువుకోండి.

ప్రశ్న: చిన్నప్పుడు మా ఊరి రచ్చబండ మీద పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఆట నేర్చుకున్నాను. రిటైరయ్యాక మళ్లీ మొదలుపెడితే అంతా వేరేగా ఉంది. మా మనవడు బంటును రెండు గడులు తోస్తాడు, రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరుపుతాడు. నేను నేర్చుకున్నదంతా మర్చిపోవాలా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, 64 ఏళ్లు, కావలి)

జవాబు: మర్చిపోనక్కర్లేదండీ, కొన్ని అలవాట్లు మార్చుకుంటే చాలు. పాత పద్ధతి ఊరికో రకంగా ఉండేది. మొత్తం మీద అందులో బంటు ఒక్కో గడే కదిలేది, రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరిపే క్యాస్లింగ్ లేదు, చెక్ పడకముందు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు చివరి వరుసకు చేరితే ఆ నిలువు వరుసలో మొదట ఏ పావు ఉండేదో ఆ పావు అయ్యేది.

వీటివల్ల మీకు తెలియకుండానే రెండు అలవాట్లు పట్టుకుని ఉంటాయి. మొదటిది, రాజును మధ్యలోనే ఉంచడం. పాత ఆటలో రెండు పక్షాలూ ఎనిమిది, పది ఎత్తులు గోడ కట్టుకునేవి కాబట్టి రాజుకు తొందరగా ప్రమాదం వచ్చేది కాదు. ఇప్పటి ఆటలో రెండు ఇ-బంట్లు ఎదురెదురుగా నిలబడ్డ మూడో ఎత్తుకే శకట్లు, మంత్రి బయటికి వచ్చేస్తాయి. వచ్చే 20 ఆటల్లో ఒకే నియమం పెట్టుకోండి: పదో ఎత్తు లోపల క్యాస్లింగ్. గెలుపోటములు తర్వాత సంగతి. రెండోది, బంటును తేలిగ్గా వదిలేయడం. ఇప్పుడు ఏ బంటు చివరికి చేరినా మంత్రి కావచ్చు. అందుకే ఒక్క బంటు తేడాతో ఆటలు గెలుస్తారు.

ఎన్ పాసెంట్ అన్నది చాలామందికి మింగుడుపడదు. మీ బంటు అయిదో వరుసలో ఉండి, పక్క వరుసలో ఎదుటివాళ్ల బంటు ఒకేసారి రెండు గడులు దూకి దాని పక్కన నిలిస్తే, అది ఒక్క గడే కదిలినట్టు లెక్కేసి మీరు కొట్టవచ్చు. వెంటనే వేసే ఎత్తులో మాత్రమే. ఒక్క ఎత్తు ఆలస్యమైతే ఆ హక్కు పోతుంది. రాజుకు చెక్ లేకుండా కదలడానికి ఏ ఎత్తూ లేకపోతే అది స్టేల్‌మేట్, అంటే డ్రా. మంత్రి పావు ఎక్కువ ఉండి కూడా చేజారే ఆటలు ఇక్కడే పోతాయి. ఎదుటి రాజుకు ఒక గడి మిగిలిందా అని ప్రతిసారీ చూడండి.

మీ దారిలో నడిచినవాడు ఒకాయన ఉన్నాడు. పంజాబ్‌కు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ మన దేశపు పద్ధతిలో ఆట నేర్చుకుని, పెద్దయ్యాక అంతర్జాతీయ నియమాలకు మారి, 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. ఓపెనింగుల్లో ఆయన వెనకబడే ఉండేవాడు. ఆట మధ్యలోనూ ముగింపులోనూ ఎదుటివాళ్లను దాటేవాడు. రచ్చబండ ఆట మీకూ ఆ బలాన్నే ఇచ్చి ఉంటుంది, దాన్ని వదులుకోకండి.

ప్రశ్న: మూడేళ్లుగా లీచెస్ అనే ఆన్‌లైన్ చదరంగం సైటులో ఆడుతున్నాను. రేటింగ్ (ఆట బలం చెప్పే అంకె) 1350 దగ్గర ఆగిపోయింది. రోజూ అయిదు నిమిషాల ఆటలు పదిహేను దాకా ఆడతాను. ఓపెనింగుల వీడియోలు చూస్తాను, నోట్స్ కూడా రాసుకుంటాను. వయసు మీద పడ్డాక ఇక ఇంతేనా?
(బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, 61 ఏళ్లు, ఒంగోలు)

జవాబు: వయసు కాదు, పద్ధతే అడ్డం పడుతోంది. అయిదు నిమిషాల ఆటలో కొత్తగా ఆలోచించడానికి వ్యవధి ఉండదు. చెయ్యి తనకు అలవాటైన ఎత్తునే వేస్తుంది. ఆ అలవాటులో తప్పు ఉంటే మీరు రోజుకు పదిహేను సార్లు ఆ తప్పునే సాధన చేస్తున్నారు. చిన్నపిల్లలు రోజుకు నాలుగు గంటలు ఆడతారు, పక్కన కోచ్ కూర్చుని తప్పు చూపిస్తాడు. మనకు ఆ గంటలూ లేవు, ఆ మనిషీ లేడు. కాబట్టి తక్కువ ఆడి, ఆడిన ప్రతి ఆటనూ పిండుకోవాలి.

వారానికి ఆరు రోజులు, సుమారు గంట చొప్పున అనుకుందాం. అన్ని రోజులూ మొదటి 15 నిమిషాలు పజిల్స్. మంగళ, శనివారాల్లో ఒక్కొక్క ఆట, 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు కలిసే పద్ధతిలో. 40 ఎత్తుల ఆటైనా ఇద్దరికీ కలిపి 45 నిమిషాల లోపే అయిపోతుంది. మర్నాడు, అంటే బుధ, ఆదివారాల్లో ఆ ఆటను తిరిగి చూడడం. సోమ, గురువారాల్లో ముగింపు ఆటలు. శుక్రవారం బోర్డు ముట్టుకోకండి.

పజిల్స్ విషయంలో దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తారు. మొదటి ఎత్తు కనబడగానే నొక్కేస్తారు. ఎదుటివాడి ఎత్తు యాప్ వేస్తుంది, అది చూశాక రెండోది వెతుకుతారు. అసలు ఆటలో అలా చూపించేవాడు ఎవరూ ఉండరు. మొదటి ఎత్తు, ఎదుటివాడి మంచి జవాబు, దానికి మీ జవాబు, ఇవన్నీ తలలో పూర్తయ్యాకే వేలు కదపండి. 15 నిమిషాల్లో ఆరో ఏడో అయితే చాలు. పదింటికి ఏడెనిమిది సరిగ్గా వచ్చేంత కష్టం పెట్టుకోండి. సగం తప్పుతున్నాయంటే స్థాయి తగ్గించండి. లీచెస్‌లో పజిల్స్‌ను రకాలవారీగా ఎంచుకోవచ్చు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు మాత్రమే చేయండి: గుర్రం వేసే ఫోర్క్ (ఒకే ఎత్తుతో రెండు పావుల మీదకు రావడం), పిన్ (వెనక పెద్ద పావు ఉన్నందువల్ల ముందు పావు కదలలేకపోవడం), వెనక వరుసలో ఆట కట్టు, కాపు లేని పావును పట్టడం. తప్పినవాటిని రాసి పెట్టుకుని మర్నాడు, 3వ రోజు, 7వ రోజు, 21వ రోజు మళ్లీ చేయండి. చివరిసారి 20 సెకన్లలో కనబడలేదంటే అది ఇంకా మనసుకు పట్టలేదు, మొదటి నుంచి తిప్పండి.

ఒకే బొమ్మను ఇన్నిసార్లు ఎందుకంటారా? 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆటగాళ్లకు బోర్డును 5 సెకన్లు చూపించి, పావులను మళ్లీ పెట్టమన్నారు. నిజమైన ఆటలో వచ్చిన బొమ్మైతే మాస్టర్ కొత్తవాళ్లకంటే చాలా ఎక్కువ పావులు సరిగ్గా పెట్టాడు. పావులను ఇష్టమొచ్చినట్టు చెల్లాచెదరు చేసి చూపిస్తే ఆ తేడా దాదాపు పోయింది. అంటే మాస్టర్‌కు ఉన్నది మామూలు జ్ఞాపకశక్తి కాదు, చూసీ చూసీ గుర్తుపట్టిన గుంపులు. గుర్తుపట్టడం అరవైలోనూ పెంచుకోవచ్చు. తిప్పి తిప్పి చూడాల్సిన సార్లు పెరుగుతాయి, అంతే.

ఇక ఆటను తిరిగి చూడడం. ఈ జవాబు మొత్తంలో మీరు ఒక్కటే పాటిస్తామంటే ఇది పాటించండి. ముందు 20 నిమిషాలు ఇంజిన్ (ఎత్తులను లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) పెట్టకుండా, ఓడిన చోటు ఏదో మీరే వెతకండి. తర్వాత ఇంజిన్ పెట్టి, ఎవరిది పైచేయో అది బంట్లలో చూపే లెక్క ఒకేసారి రెండు బంట్లకు మించి మారిన చోట్లు మాత్రమే చూడండి. 0.3, 0.4 తేడాలు గ్రాండ్‌మాస్టర్ల గొడవ, మనకు అక్కర్లేదు. రూళ్ల నోటుబుక్కులో ఒక్కో తప్పుకు ఒక వరుస రాయండి: ఎన్నో ఎత్తు, అప్పుడు గడియారంలో ఎంత మిగిలింది, ఆ ఎత్తుకు ఎన్ని సెకన్లు తీసుకున్నారు, ఏం చూడలేదు. చివరి గడిలో ఈ అయిదింటిలో ఒకటి వేయండి: కాపు లేని పావు వదిలేశాను, ఎదుటివాడి ఉద్దేశం చూడలేదు, దూరంగా ఉన్న శకటు లేదా మంత్రి దారి కనబడలేదు, టైము చాలలేదు, తెలియలేదు.

20 ఆటల తర్వాత కూడండి. మీ స్థాయిలో చాలామందికి మొదటి మూడే ముప్పాతిక దాకా ఉంటాయి. ‘తెలియలేదు’ అన్నది ఆఖరున ఉంటుంది. మీరు వీడియోలు చూస్తున్నదంతా ఆ ఆఖరుదాని కోసమే కదా. అందుకే ఓపెనింగు వీడియోలు ఆరు నెలలు ఆపండి. ఇంకో సంగతి, ఓడిన ఆటలో గడియారంలో 9 నిమిషాలు మిగిలి ఉన్నాయంటే టైము మిగిల్చుకున్నట్టు కాదు, ఆలోచన మిగిల్చుకున్నట్టు.

తప్పును బట్టి మందు. దూరపు శకటు కనబడకపోతే, ప్రతి పజిల్ మొదట్లో ఎదుటివాళ్ల మంత్రి, శకట్లు, ఏనుగుల మీద ఒక్కోదాని మీద వేలు పెట్టి, దాని దారిని బోర్డు అంచు దాకా గీయండి. మధ్యలో పావు అడ్డం ఉన్నా ఆగకండి, ఆ పావు కదిలితే ఏమవుతుందో తెలియాలి. మన కళ్లు ముందుకు పోయే ఎత్తులనే వెతుకుతాయి. మంత్రి, శకటు వెనక్కి వచ్చి కొట్టే ఎత్తులు అందుకే తప్పిపోతాయి. కాపు లేని పావుల జబ్బైతే, మీ వంతు వచ్చినప్పుడల్లా కాపు లేని మీ పావులు ఎన్నో లెక్కపెట్టండి. రెండు దాటితే ముందు దాని సంగతి చూడండి.

ఎదుటివాడి ఉద్దేశం చూడని జబ్బుకు రెండు ప్రశ్నలు. అతని ఎత్తు పడగానే: ఈ పావు ఏ గడిని వదిలింది, ఏ దారి తెరిచింది? మీ ఎత్తు వేసే ముందు: ఇది వేశాక అతనికి ఏ చెక్ ఉంది, ఏ పావు కొట్టగలడు, దేన్ని బెదిరించగలడు? ఈ రెండో ప్రశ్న అయ్యేదాకా చేతులు ఒళ్లో ఉండాలి. ఆనించిన చెయ్యి తొందరపెడుతుంది.

మూడు నెలలు రేటింగు అంకె చూడకండి. లీచెస్ సెట్టింగుల్లో దాన్ని దాచేయవచ్చు. నోటుబుక్కులో మొదటి రకం తప్పు తగ్గుతోందా అన్నదే మీ అంకె.

ప్రశ్న: రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలా. ఏరేటర్లు చూసుకుంటూ మధ్యలో ఫోన్లో ఆడతాను. పగలు సంపాదించిన పాయింట్లు తెల్లారేసరికి పోతున్నాయి.
(రొయ్యల రైతు, 53 ఏళ్లు, ముత్తుకూరు)

జవాబు: తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళ మీ ధ్యాస చెరువు మీదే ఉండాలి, ఉంటుంది కూడా. ఆ ధ్యాస చీలిన మనిషి గడియారంతో పోటీ ఆట ఆడకూడదు. మీకు సరిపోయేది కరస్పాండెన్స్ ఆట. లీచెస్‌లోనే ఒక్కో ఎత్తుకు 3 రోజుల గడువు పెట్టి నాలుగైదు ఆటలు మొదలుపెట్టండి. గట్టు మీద నడిచేటప్పుడు ఆలోచించి, కూర్చున్నప్పుడు ఒక ఎత్తు వేయవచ్చు. ఇలాంటి ఆటల్లో ఓపెనింగు పుస్తకం చూసుకోవచ్చు, ఇంజిన్ సాయం మాత్రం తీసుకోకూడదు. రేటింగు ఆటలు పగలు, నిద్ర లేచాక. వరసగా రెండు ఓడితే ఆ రోజుకు ఆపేయండి. మూడోది కసితో ఆడతారు, కసిలో ఎదుటివాడి ఎత్తు కనబడదు.

ప్రశ్న: మా వీధి పిలకాయలతో ఆడుతుంటాను. నాలుగో ఎత్తుకే గుర్రాన్ని జి5లో పెట్టి ఎఫ్7 మీదకు వచ్చేస్తారు. ఒకడైతే మంత్రిని రెండో ఎత్తుకే బయటికి తెస్తాడు. ప్రతిసారీ కంగారుపడి ఓడిపోతున్నా.
(గృహిణి, 58 ఏళ్లు, బుచ్చిరెడ్డిపాళెం)

జవాబు: ఇవి రెండూ కోచింగుల్లో మొదటి నెలలోనే నేర్పేవి. జవాబులు ఒక సాయంత్రంలో వచ్చేస్తాయి.

మంత్రితో వచ్చేవాడు: తెలుపు ఇ4, మీరు ఇ5. తెలుపు మంత్రి హెచ్5. ఇక్కడ వెంటనే జి6 తోయకండి, మంత్రి ఇ5 బంటును కొట్టి రాజుకు చెక్ చెబుతూ హెచ్8 ఏనుగును కూడా పడుతుంది. గుర్రం సి6 వేసి ఇ5కు కాపు పెట్టండి. తెలుపు శకటు సి4. ఇప్పుడు ఎఫ్7 దగ్గర ఆట కట్టు బెదిరింపు ఉంది, ఇక్కడ గుర్రాన్ని ఎఫ్6లో పెడితే ఆట అయిపోయినట్టే. ఇప్పుడే జి6 తోయాలి. మంత్రి ఎఫ్3కు వెళ్లి మళ్లీ ఎఫ్7ను చూస్తుంది. అప్పుడు గుర్రం ఎఫ్6. ఇక వాడి మంత్రిని తరుముతూ మీ పావులు బయటికి వస్తాయి.

గుర్రంతో వచ్చేవాడు: ఇ4 ఇ5, గుర్రం ఎఫ్3, మీ గుర్రం సి6, శకటు సి4. ఇక్కడ మీరు గుర్రం ఎఫ్6 వేస్తున్నారు, అందుకే జి5 ఎత్తు వస్తోంది. దానికి బదులు శకటు సి5 వేయండి. ఇప్పుడు గుర్రం జి5కు వస్తే డి8లో ఉన్న మీ మంత్రి దాన్ని ఊరికే కొట్టేస్తుంది. తెలుపు సి3, మీరు గుర్రం ఎఫ్6. ఇక జి5కు వచ్చినా క్యాస్లింగ్ చేస్తే చాలు. వాళ్లు గుర్రాన్నీ శకటునూ రెండింటినీ ఎఫ్7లో ఇచ్చి మీ ఏనుగునూ బంటునూ తీసుకుంటారు. ఏనుగుకు 5, బంటుకు 1, గుర్రానికీ శకటుకూ మూడేసి చొప్పున లెక్క ఆరుకు ఆరే, కానీ ఆట మొదట్లో ఏనుగుకంటే రెండు చిన్న పావులే ఎక్కువ పనిచేస్తాయి, మీదే పైచేయి. సి3 తర్వాత వాళ్లు డి4 తోస్తే, బంటుతో కొట్టండి. వాళ్లు సి-బంటుతో తిరిగి కొట్టగానే శకటును బి6కు లాక్కోకుండా బి4లో పెట్టి చెక్ చెప్పండి. లాక్కుంటే ఆ జంట బంట్లు మీ పావులను తరుముకుంటూ వస్తాయి.

ఒకవేళ గుర్రం ఎఫ్6 వేసి, జి5 వచ్చేసిందనుకోండి. డి5 తోయండి. వాళ్ల ఇ-బంటు దాన్ని కొడుతుంది. ఆ బంటును గుర్రంతో కొట్టబోకండి, అక్కడే వాళ్లు గుర్రాన్ని ఎఫ్7లో బలి ఇచ్చి మీ రాజును నడిబోర్డులోకి లాగుతారు. సి6 గుర్రాన్ని ఎ5కు తీసుకెళ్లి శకటు మీదకు వెళ్లండి. బంటు ఒకటి పోతుంది, దాని బదులు మీ పావులు ముందు బయటికొస్తాయి.

పిలకాయల బలం లెక్క వేయడంలో, తొందరలో. వాళ్ల బలహీనత ముగింపు ఆట. మంత్రులు మారిపోయి ఏనుగులు, బంట్లు మిగిలాక చాలామందికి విసుగొస్తుంది. సమానంగా ఉంటే డ్రా అడగకండి, ఆడించండి.

ప్రశ్న: ఒక బంటు ఎక్కువ ఉండి కూడా చివర్లో డ్రా అయిపోతోంది. ముగింపు ఆటల్లో ముందు ఏవి నేర్చుకోవాలి? పొగాకు పనుల్లో ఉన్న నాలుగు నెలలూ రోజుకు పావుగంటే దొరుకుతుంది.
(రైతు, 57 ఏళ్లు, కొండపి)

జవాబు: పావుగంట చాలు. ముగింపు బొమ్మలు ఒకసారి పట్టుబడితే మర్చిపోరు, మన వయసుకు ఇంతకంటే లాభసాటి చదువు లేదు. మూడు బొమ్మలు, బొమ్మకు ఒక నెల, నాలుగో నెల వాటినే మళ్లీ ఆడడానికి.

మొదటి నెల: తెల్లరాజు ఇ6, తెల్లబంటు ఇ5, నల్లరాజు ఇ8. ఎవరి వంతైనా తెలుపే గెలుస్తుంది. నల్లరాజు డి8కి వెళ్తే మీ రాజు ఎఫ్7కు, ఎఫ్8కి వెళ్తే డి7కు పోయి బంటుకు దారి కాస్తుంది. మీ వంతైతే రాజును డి6కు జరపండి, నల్లరాజు డి8, బంటు ఇ6, రాజు ఇ8, బంటు ఇ7, రాజు ఎఫ్7, మీ రాజు డి7, అయిపోయింది. కిటుకు ఏమిటంటే రాజు ముందు, బంటు వెనక. మీ ఆటలు డ్రా అవుతున్నది బంటును ముందు తోస్తున్నందుకే అనిపిస్తోంది. ఒక గుర్తు పెట్టుకోండి: బంటు ఏడో వరుసకు చెక్ చెప్పకుండా చేరితే గెలుపు, చెక్ చెబుతూ చేరితే డ్రా. అంచున ఉండే ఎ, హెచ్ బంట్లకు ఇది పనికిరాదు, ఎదుటి రాజు మూలకు చేరితే డ్రానే. హెచ్ బంటుకు తోడు తెల్లగడుల శకటు ఉన్నా సరే, హెచ్8 నల్లగడి కాబట్టి ఆ శకటు రాజును మూలలోంచి కదిలించలేదు.

రెండో నెల: బంటు తక్కువ ఉన్నప్పుడు ఏనుగుతో డ్రా చేసుకోవడం. తెల్లరాజు డి5, బంటు ఇ5, ఏనుగు హెచ్7. నల్లరాజు ఇ8, మీ నల్ల ఏనుగు ఎ6. మీ ఏనుగును ఆరో వరుసలోనే అటూ ఇటూ జరపండి, ఆ గోడ దాటి తెల్లరాజు రాలేడు. వాళ్లు విసిగి బంటును ఇ6కు తోసిన వెంటనే ఏనుగును ఎ1కు దింపండి. ఇక తెల్లరాజు ముందుకొస్తే వెనక నుంచి చెక్‌లు, దాక్కోవడానికి ముందున్న గడిలో బంటే ఉంది. తప్పు జరిగేది ఒక్కచోటే: బంటు తోయకముందే ఏనుగును దించేయడం.

మూడో నెల: ఇదే ఆటలో గెలుపు వైపు. తెల్లరాజు జి8, బంటు జి7, ఏనుగు ఎఫ్1; నల్లరాజు ఇ7, నల్ల ఏనుగు హెచ్2. రాజు తన బంటుకే అడ్డం పడ్డాడు. ఏనుగును ఎఫ్4కు తెండి. నల్ల ఏనుగు హెచ్1కు పోతుందనుకుందాం. ఏనుగు ఇ4 చెక్, నల్లరాజు డి7. ఇప్పుడు రాజు ఎఫ్7కు బయటపడతాడు. నల్ల ఏనుగు ఎఫ్1 నుంచి చెక్, మీ రాజు జి6. జి1 నుంచి చెక్, ఎఫ్6. ఎఫ్1 నుంచి చెక్, జి5. జి1 నుంచి చెక్ పడగానే మీ ఏనుగు జి4లో అడ్డం నిలుస్తుంది. అందుకే ముందుగా నాలుగో వరుసకు తెచ్చాం.

నాలుగో నెల కొత్తది వద్దు. ఈ మూడింటినీ కంప్యూటరుకు ఎదురుగా రెండు వైపులా ఆడండి. ఒక్కోటి వరసగా అయిదుసార్లు తప్పు లేకుండా వస్తేనే వచ్చినట్టు.

ప్రశ్న: బోర్డు మీద దూరపు మూల నుంచి వచ్చే శకటు నాకు కనబడదు. ఫోన్లో అయితే కనబడుతుంది. బైఫోకల్ అద్దాలు వాడతాను.
(70 ఏళ్లు, నెల్లూరు)

జవాబు: కారణం మీ ఉత్తరంలోనే ఉంది. పోటీ బోర్డు గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు, మొత్తం బోర్డు 40 నుంచి 48 సెంటీమీటర్ల దాకా. కూర్చున్నప్పుడు మీ వైపు వరుస కళ్లకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఎదుటి వరుస 70 దగ్గర ఉంటుంది. బైఫోకల్‌లో కింది భాగం చదువుకోవడానికి, పైభాగం వీధి చూడడానికి. ఎదుటి మూడు వరుసలూ రెండింటికీ మధ్యన పడతాయి. కళ్లద్దాల డాక్టరుకు ఈ 40, 70 అంకెలు చెప్పి, ఆ దూరానికి విడిగా ఒక జత రాయించుకోండి. అప్పటిదాకా కుర్చీ మీద దిండు వేసుకుని ఎత్తుగా కూర్చోండి, బోర్డు పూర్తిగా కిందికి కనబడుతుంది. వారానికి ఒకరోజు పజిల్స్‌ను ఫోన్లో కాకుండా చెక్క బోర్డు మీద పేర్చి చేయండి. నిలబడ్డ పావుల వెనక గడులు చూసే అలవాటు ఫోన్ ఇవ్వదు. షుగరు ఉంటే ఆట రోజు మందూ తిండీ ఎప్పుడో మీ వైద్యుణ్ని ముందే అడగండి.

ప్రశ్న: మొదటిసారి రేటింగ్ టోర్నమెంటుకు వెళ్లాలనుకుంటున్నాను. ఆట తెలిసినా నియమాల్లో ఎక్కడ దెబ్బతింటానో అని భయం.
(62 ఏళ్లు, సింగరాయకొండ)

జవాబు: ఆ భయం మంచిదే, పెద్దవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. పావు ముట్టుకుంటే ఆడాలి. సర్దాలనుకుంటే ముందే ‘సర్దుతున్నా’ అని చెప్పండి. క్యాస్లింగ్‌లో ముందు రాజు, తర్వాత ఏనుగు, రెండూ ఒకే చేత్తో. ఏనుగును ముందు ముట్టుకుంటే ఆ ఎత్తులో ఆ వైపు క్యాస్లింగ్ ఒప్పుకోరు. గడియారం కూడా అదే చేత్తో నొక్కాలి. రాజును చెక్‌లో వదిలి గడియారం నొక్కితే ఎదుటివాళ్లకు 2 నిమిషాలు కలుపుతారు, రెండోసారి అయితే ఆట పోతుంది. ఫోను, స్మార్ట్ వాచీ ఇంట్లోనే పెట్టి వెళ్లండి, జేబులో దొరికితే ఆట పోయినట్టే. వినికిడి యంత్రం ఉంటే మొదటి రౌండుకు ముందే ఆర్బిటర్‌కు, అంటే పోటీ న్యాయనిర్ణేతకు చెప్పండి. ఎత్తుకు 30 సెకన్లు కలిసే ఆటలో చివరిదాకా ఎత్తులు రాయాల్సిందే. వేశాకే రాయాలి, ముందుగా రాయకూడదు. ఇంట్లో పది ఆటలు రాస్తూ ఆడి వెళ్లండి.

రేటింగు సంగతి. రేటింగ్ ఉన్నవాళ్లతో 5 ఆటలు లెక్కకు వచ్చి, అంకె 1400కు తగ్గకుండా ఉంటే ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) రేటింగ్ వస్తుంది. మొదటి 30 ఆటల దాకా మీ అంకె గట్టిగా ఊగుతుంది, తర్వాత ఊపు సగమవుతుంది. 18 లోపు పిల్లలకు మాత్రం ఆ పెద్ద ఊపే కొనసాగుతుంది. 30 ఆటలు దాటాక మీకంటే 100 తక్కువున్న పిల్లవాడి చేతిలో ఓడితే సుమారు 13 పాయింట్లు పోతాయి. ఆ పిల్లవాడి బలం మాత్రం నెలనెలా పెరుగుతుంటుంది, అంకె వెనక నడుస్తుంటుంది. కాబట్టి ఎదుటి కుర్చీలో పదేళ్లవాడు కూర్చుంటే అతని అంకె చూసి ఆడకండి. ప్రపంచ సీనియర్ పోటీల్లో 50 దాటినవాళ్లకు, 65 దాటినవాళ్లకు విడి విభాగాలున్నాయి.

ప్రశ్న: మా ఊళ్లో ఆడేవాళ్లు లేరు. ఫోన్లో ఆడితే మనిషితో ఆడినట్టుండదు.
(66 ఏళ్లు, పొదిలి)

జవాబు: ఇద్దరు దొరికితే చాలు, మీతో ముగ్గురు. గ్రంథాలయం గానీ గుడి అరుగు గానీ, ఆదివారం ఉదయం 7 నుంచి 10 దాకా ఒకే చోటు, ఒకే వేళ. వేళ మారితే మనుషులు జారిపోతారు. చుట్టి పెట్టుకునే వినైల్ బోర్డులు రెండు, 9.5 సెంటీమీటర్ల రాజు ఉన్న ప్లాస్టిక్ పావులు రెండు జతలు, డిజిటల్ గడియారం ఒకటి కొనండి. ఇద్దరు 30 నిమిషాల ఆట ఆడుతుంటే మూడోవారు ఎత్తులు రాస్తారు, నోరు విప్పరు. ఆట అయ్యాక ముగ్గురూ కలిసి పావుగంట దాన్ని తిరిగి వేస్తారు. అప్పుడు ముందుగా మాట్లాడాల్సింది ఓడినవాళ్లు. తర్వాత వంతు మారుతుంది. స్కూలు పిల్లలు వచ్చి నిలబడితే రెండో బోర్డు వాళ్లకివ్వండి, మూడో వారానికి ఆడేవాళ్ల కొరత తీరుతుంది.